నూనె కుండ నేర్పిన ఇంటి లెక్క



రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయం మొదటి ఏడు వచనాలలో ఒక పేద వితంతువు వృత్తాంతం ఉంది. ఆమె భర్త ప్రవక్తల సమాజానికి చెందినవాడు, దైవభీతి కలవాడు. అతడు చనిపోయాడు, అప్పు మిగిలింది. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కుమారులను బానిసలుగా తీసుకొనిపోవటానికి సిద్ధపడ్డాడు. ఆమె ఎలీషా ప్రవక్తకు మొరపెట్టుకుంది. ఇంట్లో ఒక నూనె కుండ తప్ప ఏమీ లేదు. ప్రవక్త చెప్పినట్లు ఆమె ఇరుగుపొరుగు ఇళ్ల నుండి ఖాళీ పాత్రలు ఎరువు తెచ్చుకొని, బిడ్డలతో లోపలికి వెళ్లి తలుపు వేసుకొని, నూనె పోయసాగింది. పాత్రలన్నీ నిండేవరకు నూనె ఆగలేదు.

ఈ భాగాన్ని మనం సాధారణంగా అద్భుతం కోసం చదువుతాం. కాని చివరలో ప్రవక్త చెప్పిన వరుసను గమనించండి. నూనె అమ్మి ముందుగా అప్పు తీర్చమన్నాడు. మిగిలినదానితో ఆమెను, బిడ్డలను బ్రతకమన్నాడు. మన ఇళ్లలో ఈ వరుస తలక్రిందులుగా ఉంటుంది. ముందు ఖర్చులన్నీ పెట్టుకొని, ఏమైనా మిగిలితే అప్పుకు కడదామనుకుంటాం. ఏ నెలా మిగలదు. అప్పుల నుండి బయటపడదలచిన కుటుంబం ముందుగా దిద్దుకోవలసింది ఈ వరుసనే. ఈ వారం ఆ పాఠాన్ని మెట్టు మెట్టుగా చూద్దాం.

అప్పు తీర్చటం న్యాయధర్మం

అప్పు చేసినవారందరూ పాపాత్ములు కారు. ఆ వితంతువు భర్త దైవభీతి కలవాడని గ్రంథమే చెబుతున్నది. జబ్బు చేసినప్పుడు, పంట పోయినప్పుడు, బిడ్డకు కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు మంచి కుటుంబాలు కూడా అప్పు చేస్తాయి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే తీసుకున్నది తిరిగి ఇవ్వటం మన ఇష్టాన్ని బట్టి చేసే మంచిపని కాదు, విధి. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2411వ పేరాలో, దొంగిలించరాదన్న ఏడవ ఆజ్ఞను వివరిస్తూ, అప్పులు తీర్చటాన్ని న్యాయం కోరే బాధ్యతగా పేర్కొన్నది.

సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం మన స్వభావాన్ని చక్కగా పట్టుకున్నది. అప్పు చేతికందేవరకు మనిషి ఇచ్చేవాని చేతులు ముద్దుపెట్టుకొని వినయంగా మాట్లాడతాడట. తీర్చవలసిన రోజు రాగానే గడువు అడుగుతాడట, కాలం బాగాలేదని సాకులు చెబుతాడట. రెండు వేల ఏళ్ల క్రిందటి మాటలు, ఈ రోజు మన వీధిలో విన్నట్లే ఉన్నాయి కదా!

ఇంటి లెక్కలు లోకవ్యవహారం, వాటికీ ఆధ్యాత్మిక జీవితానికీ సంబంధం ఏమిటి అని కొందరు అడగవచ్చు. ఎకానమీ అనే మాటకు మూలమైన గ్రీకు పదం ఓయికొనోమియా. దాని మొదటి అర్థం దేశ ఆర్థిక వ్యవస్థ కాదు, గృహ నిర్వహణ. పునీత తోమాసు అక్వినాసు తన 'సుమ్మా థియోలాజికా' గ్రంథంలో వివేకం అనే సుగుణాన్ని వివరిస్తూ, ఇంటిని నడిపే వివేకానికి ప్రత్యేక స్థానం ఇచ్చాడు. ధనం ఇంటికి పరమార్థం కాదు, పనిముట్టు మాత్రమే అని కూడా అక్కడే బోధించాడు. కనుక నెలాఖరున లెక్కల పుస్తకం ముందు కూర్చున్న తల్లి ఒక సుగుణాన్ని సాధన చేస్తున్నది.

మొదటి మెట్టు: ఇంట్లో ఏమున్నది?

ప్రవక్త ఆ తల్లిని అడిగిన ప్రశ్న ఇదే. మీరు కూడా ఒక పుస్తకం తీసుకొని మూడు పట్టికలు వ్రాయండి. మొదటిది, ఇంట్లోకి వచ్చే డబ్బు. కూలీ పని, తాపీ పని వంటివి ఉన్నవారు మంచి నెల ఆదాయం చూసి మురిసిపోకుండా, పని లేని నెలలు కూడా కలిపి సగటు కట్టాలి. రెండవది, పోయే డబ్బు. ఒక నెలరోజుల పాటు టీ నీళ్ల ఖర్చు సైతం ఏ రోజుకారోజు వ్రాయాలి. మూడవది, అప్పుల పట్టిక. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, నోటు ఉన్నదా, తాకట్టు ఉన్నదా, ఇంతవరకు ఎంత కట్టాం అన్నవన్నీ అందులో ఉండాలి.

వడ్డీని సంవత్సరానికి మార్చి చూడండి. నూటికి మూడు రూపాయలంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది నెలకు. సంవత్సరానికి నూటికి 36 రూపాయలు. ఐదు రూపాయల వడ్డీ అయితే 60 రూపాయలు. అరవై వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, నెలనెలా వడ్డీ మాత్రమే కట్టేవారు మూడేళ్లలో 64,800 రూపాయలు కడతారు. తెచ్చిన అసలు కంటే ఎక్కువ కట్టినా ఆ అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఇది కళ్లారా కాగితం మీద చూసినప్పుడు కాని మనలో కదలిక రాదు.

రెండవ మెట్టు: తలుపు వేసుకొని

ఆ తల్లి బిడ్డలతో కలిసి తలుపు వేసుకున్నది. అప్పు తీర్చటం కుటుంబమంతా కలిసి చేయవలసిన పని. విచారణలో ఇళ్లను దర్శించే గురువులందరికీ తెలిసిన బాధ ఒకటి ఉంది. భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు. భార్య సంఘంలో తీసి చెల్లెలికిచ్చిన డబ్బు భర్తకు తెలియదు. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడినప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. ఆ రోజు పోయేది డబ్బు మాత్రమే కాదు, నమ్మకం కూడా.

కాబట్టి ఒక రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపి, సెల్‌ఫోన్లు పక్కనపెట్టి, ఒక పరలోక జపం చెప్పుకొని కూర్చోండి. ఒకరినొకరు నిందించకూడదన్న నియమం ముందే పెట్టుకోండి. దాచిన అప్పులన్నీ ఆ రాత్రే చెప్పాలి. ఊహ తెలిసిన పిల్లలకు కూడా వారికి అర్థమయ్యేంత వరకు చెప్పండి. వితంతువు బిడ్డలు పాత్రలు అందించారు కదా! ఇంటి పరిస్థితి తెలిసిన పిల్లలు మనం అనుకున్నదానికంటే ఎక్కువ సహకరిస్తారు.

మూడవ మెట్టు: ముందు అప్పు, తరువాత ఖర్చు

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి తాపీ పని, తల్లి కుట్టుపని. సగటు ఆదాయం నెలకు 22,000 రూపాయలు. అప్పులు మూడు. వడ్డీకిచ్చే ఆయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి 60,000. బంగారం తాకట్టు మీద రూపాయి వడ్డీకి 50,000. బావగారి దగ్గర వడ్డీ లేకుండా చేబదులు 20,000. మొత్తం 1,30,000. నెలకు వడ్డీ 1,800, 500 కలిపి 2,300 రూపాయలు. ఇంతకాలం కట్టినది అదొక్కటే.

ఈ కుటుంబం మరొక 3,000 రూపాయలు, అంటే రోజుకు నూరు రూపాయలు, తప్పించగలిగితే నెలకు 5,300 అవుతుంది. దానిని డబ్బు చేతికి వచ్చిన రోజే విడదీసి పెట్టాలి. ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చాలి. 500 బంగారం వడ్డీకి పోగా 4,800 మూడు రూపాయల అప్పుకు కడితే, అసలులో కొంత కొంతగా తీసుకొనటానికి అప్పిచ్చినవారు ఒప్పుకున్న పక్షంలో, 16 నెలలలో అది తీరిపోతుంది. ఆ తరువాత మొత్తం 5,300 బంగారం మీద అప్పుకు కడితే మరో 10 నెలలు. ఆపైన బావగారి బాకీకి 4 నెలలు. మొత్తం 30 నెలలు. రెండున్నర ఏళ్లలో నోటు చేతికి వస్తుంది, బంగారం ఇంటికి వస్తుంది, బావగారి ముఖం తలెత్తి చూడవచ్చు. వడ్డీ లేదు కదా అని ఆయనను మరచిపోకూడదు. ఆయన వంతు ఎప్పుడు వస్తుందో మొదటి నెలలోనే వెళ్లి చెప్పి రావటం మర్యాద.

కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు వ్రాయించుకోండి. పూర్తిగా తీరిన రోజున నోటు తిరిగి తీసుకోండి.

రోజుకు నూరు రూపాయలు ఎక్కడ నుండి వస్తాయి? బియ్యం, పాలు, పిల్లల పుస్తకాలు, మందుల నుండి కాదు. ముందుగా సారాయి, సిగరెట్టు, గుట్కా ఖర్చు చూడండి. చాలా ఇళ్లలో వెతకవలసిన మొదటి చోటు అదే. తరువాత బయట టిఫిన్లు, రెండవ ఫోను రీచార్జి, వాయిదాలలో కొన్న వస్తువులు. కిరాణా కొట్టులో ఖాతా మాని నగదుకు కొనండి. ఖాతా ఉన్నచోట చెయ్యి తెలియకుండా జారుతుంది. మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో డబ్బు దాచినట్లే ఖర్చుకొక కవరు పెట్టుకోండి. కవరు ఖాళీ అయితే ఆ నెలకు ఆ ఖర్చు ఆగిపోవాలి. నెలకు కొద్దిపాటి మొత్తం ఆపదలకు కూడా దాచండి. లేకపోతే మొదటి జ్వరానికే కొత్త అప్పు మొదలవుతుంది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేర్లు మారినా రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కొనసాగుతున్నది. మీకు అర్హత ఉన్నదేమో జబ్బు రాకముందే తెలుసుకోండి.

ఖాళీ పాత్రలు ఇచ్చే ఇరుగుపొరుగు

ఇరుగుపొరుగువారు ఆ తల్లికి డబ్బు ఇవ్వలేదు. ఖాళీ పాత్రలు ఇచ్చారు. ఒకరి కష్టంలో మరొకరు అలా నిలబడవచ్చు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచినప్పుడు, ఆ కదలిక నుండే ఆ జిల్లాలో రోజుకు రూపాయి పొదుపు చేసే సంఘాలు పెరిగాయి. ఈనాడు సంఘం ద్వారా తక్కువ వడ్డీకి బ్యాంకు ఋణం దొరికితే, దానితో మూడు, ఐదు రూపాయల వడ్డీ అప్పులు తీర్చివేయటం తెలివైన పని. అయితే పాత నోటు అదే రోజున చేతికి రావాలి. ఆ డబ్బుతో టీవీ కొంటే ఒక అప్పు రెండు అవుతుంది.

సెల్‌ఫోనులో క్షణాలలో అప్పిస్తామనే గుర్తుతెలియని యాప్‌ల జోలికి పోకండి. 2020 చివరలో తెలంగాణలో అటువంటి వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మనం చదివాం. ఫోనులోని ఫొటోలు, బంధువుల నంబర్లు పట్టుకొని బెదిరిస్తే 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. మనసు చీకటైపోయినప్పుడు 14416 అనే టెలి మానస్ నంబరుకు ఫోను చేయండి, మీ విచారణ గురువును కలవండి. ఏ అప్పూ ప్రాణం కంటే పెద్దది కాదు. బ్రతికి ఉన్న మనిషే అప్పు తీర్చగలడు.

మనలో వడ్డీకి ఇచ్చేవారు కూడా ఉన్నారు. వారు నెహెమ్యా గ్రంథం ఐదవ అధ్యాయం చదవాలి. కరువులో సోదరుల పొలాలు, బిడ్డలు తాకట్టుపడినప్పుడు, నూటికి ఒక వంతుగా తీసుకున్నది కూడా తిరిగి ఇచ్చివేయమని నెహెమ్యా పెద్దలను కోరాడు. వారు ఒప్పుకున్నారు. నూటికి ఐదు తీసుకునే చేతులతో దివ్యసత్ప్రసాదం అందుకొనేటప్పుడు ఒక్కసారి ఆలోచించుకోవాలి.

పండుగలు, కానుకలు

అప్పు తెచ్చిన డబ్బుతో విందులు చేసి బిచ్చగాడివి కావద్దని సీరా పుత్రుడు 18వ అధ్యాయం చివరలో హెచ్చరిస్తాడు. జ్ఞానస్నానానికి కావలసింది నీరు, విశ్వాసం. మూడు వందల మందికి బిర్యాని దానిలో భాగం కాదు. మొదటి దివ్యసత్ప్రసాదం, ఓణీల ఫంక్షన్, వివాహం, చనిపోయినవారి జ్ఞాపకార్థ భోజనాలు, వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. పేదరికంతో కాదు, పొరుగువారి మాటకు భయపడి చేసే అప్పులు ఇవి. విచారణ పెద్దలు, ఉపదేశులు, ఉన్నవారు తమ ఇళ్లలో ముందుగా సాదాగా చేసి చూపిస్తే లేనివారికి ధైర్యం వస్తుంది.

దేవాలయ కానుకల సంగతి కూడా చెప్పాలి. శ్రీసభ అవసరాలకు శక్తికొలది సహాయపడటం మన బాధ్యత. శక్తికి మించి, అప్పు చేసి ఇవ్వమని శ్రీసభ ఎవరినీ కోరదు. ఇతరులకు ఇవ్వవలసిన డబ్బును పీఠం మీద పెట్టి భక్తి అనుకోవద్దు. అప్పులో ఉన్నవారు ఇచ్చే చిన్న కానుకను ప్రభువు చిన్నదిగా చూడడు.

ఇంట్లో చర్చించుకొనటానికి

1. మన ఇంటి అప్పులన్నీ భార్యాభర్తలిద్దరికీ తెలుసా?
2. గత సంవత్సరం మనం వడ్డీగా కట్టిన మొత్తం ఎంత? ఆ డబ్బు ఉంటే ఏమి చేయగలిగేవాళ్లం?
3. రోజుకు ఎంత తప్పించగలం? ఎవరు ఏమి మానుకుంటారు?
4. మనకు బాకీ ఉన్న పేదవానిపట్ల మనం ఎలా ప్రవర్తిస్తున్నాం?

ప్రార్థన: ప్రభువా, నజరేతు ఇంటిలో చెమటోడ్చి సంపాదించిన రొట్టెను నీవు రుచిచూశావు. మా ఇంటి లెక్కలలో నిజాన్ని, మా కోరికలలో మితాన్ని, మా మాటలలో శాంతిని ప్రసాదించు. ఎవరికీ ఏమీ దాచకుండా, ఎవరి సొత్తూ నిలిపి ఉంచకుండా, స్వేచ్ఛగల నీ బిడ్డలుగా మమ్ము బ్రతకనివ్వు. ఆమెన్.