డెంగ్యూ జ్వరం – వ్యాధిక్షమత్వం

ఒకే ఇంట ఇద్దరు పిల్లలకు డెంగ్యూ సోకితే ఒకరు వారంలో లేచి తిరుగుతారు, మరొకరు ప్రమాదస్థితికి చేరుతారు. శరీరాలన్నీ వ్యాధిని ఎదుర్కొనుటలో సమానం కావని చరకుడు సూత్రస్థానంలో చెప్పియున్నాడు. ఆ భేదం ఎక్కడున్నదో నేటి శాస్త్రజ్ఞులు ఒక్కొక్క కణంలో వెదకుచున్నారు.

పేరాల మగ్గాలపై పడుగు తెగినప్పుడు నేతగాడు చీరనంతటినీ చూచి ఊరుకొనడు. తెగిన పోగును వెదకి ముడివేస్తాడు. సాధారణ రక్తపరీక్ష చీరను దూరం నుండి చూచుట వంటిది. తెల్లకణాలెన్ని, ప్లేట్‌లెట్లెన్ని అని లెక్క చెబుతుంది. ఏకకణ పరీక్ష పోగు పోగునూ చూస్తుంది. రక్తకణాలను విడివిడిగా తీసుకొని, ఒక్కొక్క దానిలో ఏ జన్యువులు పనిచేయుచున్నవో, వైరస్ ఉన్నదో లేదో ఆర్.ఎన్.ఏ. ద్వారా చదువుతారు. ఇది ప్రస్తుతం పరిశోధనకే పరిమితం.

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆరుగురు డెంగ్యూ రోగుల, నలుగురు ఆరోగ్యవంతుల రక్తకణాలను ఇట్లు పరీక్షించారు. ఇంత చిన్న పరీక్ష తుదిమాట కాజాలదు. అయినను ఒక విశేషం తెలిసింది. తరువాత తీవ్రస్థితికి చేరిన ఇద్దరిలో వైరస్ ఎక్కువగా బి-కణాలలోను, ఆ తరువాత మోనోసైట్లలోను కనిపించింది. వైరస్ లేని బి-కణాలు కూడా ఉద్రేకించి ఉన్నవి! రోగం ముదరక మునుపే కొన్ని కణాలలో ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే జన్యువులు విజృంభించాయి.

కనుక రోగనిరోధక శక్తి కుండలో నీరువలె పెంచుకొనే ఒకే వస్తువు కాదు. డెంగ్యూలో రక్తనాళాల నుండి ప్లాస్మా కారిపోవుటకు శరీరపు స్వంత ప్రతిస్పందన కూడా కారణమే. "శక్తి పెంచే" కషాయం ఇస్తున్నాము గదా అని ధీమాగా ఉండరాదు. బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు పెరిగాయని కొన్ని చిన్న పరీక్షలు చెప్పినా, ప్లాస్మా కారుటను అది ఆపుతుందనుటకు రుజువు లేదు.

జ్వరం తగ్గినదని సంతోషించే రోజులే, అనగా మూడు నుండి ఏడవ రోజు వరకు, అపాయకరమైనవి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తస్రావం, మగత, మూత్రం తగ్గుట – వీటిలో ఏది కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వరాదు. గంజి, కొబ్బరినీరు, ఓ.ఆర్.ఎస్. ధారాళంగా ఇవ్వవచ్చును.

ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. దాని గుడ్లు తొట్టి గోడలకంటుకొని, నీరు పారబోసినా బ్రతికే ఉంటాయి. వారానికొకసారి తొట్టెలు, గోలేలు, కూలర్ల లోపలి గోడలను పీచుతో రుద్ది ఆరబెట్టవలెను.