చింతపిక్కలతో రహీం ఎత్తుగడ



రచ్చబండ మీదనో, గుడి మండపం గచ్చు మీదనో పులిజూదం గీతలు మీరు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేక ఒంటరిగా దొరికితే పులి దాని మీదుగా దూకి తినేస్తుంది. మేకలు ఒకదాని వెనక ఒకటి ఆసరాగా నిలిస్తే పులికే దారి మూసుకుపోతుంది. అక్కడ నిజంగా అడవీ లేదు, పులీ లేదు. ఉన్నవి కొన్ని గీతలు, కొన్ని రాళ్లు, కొన్ని నియమాలు. అయినా ఆ ఆట మనకు ఒక నిజాన్ని చూపిస్తుంది. ఇలా అసలు విషయానికి బదులు, దానిలోని ముఖ్యమైన లక్షణాలు కొన్నిటిని మాత్రమే తీసుకొని తయారుచేసుకునేదాన్ని శాస్త్రంలో 'నమూనా' అంటారు.

ఈ నెల మనం ఒక ఫుట్‌బాల్ జట్టుకు నమూనా తయారుచేద్దాం. దీనికి బంతి అక్కర్లేదు, మైదానం అక్కర్లేదు. మూడు చింతపిక్కలు, రెండు పత్తిగింజలు, ఒక పాచిక, ఒక సుద్దముక్క చాలు.

ఒక విద్యార్థి తీర్పు

మా వెల్దుర్తిలో చెడుగుడు ఆడేవాళ్లు, క్రికెట్ ఆడేవాళ్లు కావలసినంతమంది. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ. కానీ సెల్‌ఫోనులో ఆడేవాళ్లు ఉన్నారు. ఆ ఆటలో మనం బంతిని తన్నము. జట్టును ఎంచుకొని, ఎవరు ఎక్కడ నిలవాలో చెప్పి, ఫలితం కోసం చూస్తాము. 1982లో బ్రిటన్‌లో కెవిన్ టామ్స్ అనే ఆయన తయారుచేసిన 'ఫుట్‌బాల్ మేనేజర్' ఈ తరహా కంప్యూటర్ ఆటల్లో మొదటి తరానిది.

మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసి, 1962 నాటి భారత జట్టును ఈ ఆటలో మళ్లీ నిలబెట్టాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ - ఒక్కొక్కరికీ తనకు తోచిన మార్కులు వేశాడు. వరుస 4-2-4గా పెట్టాడు. పది పోటీలు ఆడించాడు. ఏడింటిలో ఓడాడు.

"రహీం గారి పద్ధతి దండగ సార్!" అన్నాడు నాతో.

నాకు మనసులో చివుక్కుమంది. ఎందుకంటే సయ్యద్ అబ్దుల్ రహీం కూడా నాలాగే బడిపంతులు. హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. కానీ అభిమానం వేరు, రుజువు వేరు. "సరే, పరీక్షించి చూద్దాం రా" అన్నాను.

ఎవరీ రహీం?

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకుడు. ఆయన చేతికింద పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది.

మరి ఆయనకు ఓటమి లేదా? ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుదిపోటీలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చింది.

1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ ఆడి ప్రసిద్ధం చేసిన 4-2-4 వరుసను అంతకుముందే రహీం మన జట్టు చేత ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవారు చెబుతారు. ఈ వరుస వెనక ఉన్న ఒక ముఖ్యమైన ఆలోచన హంగరీ జట్టు ఆటలో స్పష్టంగా కనిపిస్తుంది. ముందు దాన్ని తెలుసుకుందాం.

వెనక్కి నడిచిన ముందువాడు

ఆ రోజుల్లో ప్రతి జట్టుకూ నడిమధ్యన, అందరికంటే ముందు, సెంటర్ ఫార్వర్డు ఉండేవాడు. అతన్ని కాపలా కాయడం ఎదుటి జట్టులోని స్టాపర్ పని. 1953 నవంబరు 25న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో హంగరీ సెంటర్ ఫార్వర్డు హిదెగ్‌కుటి ముందు నిలవకుండా వెనక్కి వచ్చి ఆడాడు. ఇంగ్లండ్ స్టాపర్‌కు సందేహం వచ్చింది. వెంట వెళ్లాలా? ఉన్నచోటే ఉండాలా? వెళితే గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది. ఉంటే హిదెగ్‌కుటి స్వేచ్ఛగా బంతి అందుకుంటాడు. హంగరీ 6-3తో గెలిచింది. బ్రిటిష్ దీవులకు బయటి జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంతగడ్డపై ఓడడం అదే మొదటిసారి.

ఇక ప్రయోగానికి రండి.

ప్రయోగం

నేలమీద మైదానం గీయండి. చింతపిక్కలు మనవాళ్లు: మైదానం మధ్యలో బంతితో ఉన్న హాఫ్, సెంటర్ ఫార్వర్డు, అతని పక్కన ఇంకో ఫార్వర్డు. పత్తిగింజలు ఎదుటివాళ్లు: సెంటర్ ఫార్వర్డును కాసే స్టాపర్, రెండో ఫార్వర్డును కాసే రక్షకుడు. హాఫ్ గోలుకు చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి పాసు ఇవ్వడమే అతని పని.

నియమాలు ఇవి:

1. కాపలా లేని ఆటగాడికి పాసు ఇస్తే, పాచికపై 1 తప్ప ఏది పడినా బంతి చేరినట్టే.
2. కాపలా ఉన్నవాడికి ఇస్తే 4, 5, 6 పడాలి.
3. గోలు దగ్గర కాపలా లేనివాడు కొడితే 5, 6 పడితే గోలు. కాపలా ఉంటే 6 పడితేనే గోలు.

ఏ మెట్టు దగ్గర తప్పినా ఆ దాడి ముగిసినట్టే. ఒక్కొక్క పద్ధతికి 36 దాడులు చేసి గోల్స్ లెక్కపెట్టండి.

పాచిక వేయకముందే సగటున ఎన్ని రావాలో గణితం చెబుతుంది. మెట్టు తర్వాత మెట్టు గెలవాలంటే వాటి సంభావ్యతలను గుణించాలి.

మొదటిది పాత పద్ధతి. సెంటర్ ఫార్వర్డు ముందే ఉన్నాడు, స్టాపర్ అతని వీపున ఉన్నాడు. పాసు చేరడానికి 1/2, గోలుకు 1/6. గుణిస్తే 1/12. అంటే 36 దాడులకు 3 గోల్స్.

రెండవది: సెంటర్ ఫార్వర్డు వెనక్కి వచ్చాడు, స్టాపర్ వెంట వచ్చాడు. అతనికి పాసు చేరడానికి 1/2. స్టాపర్ వదిలిన ఖాళీలోకి రెండో ఫార్వర్డు తన రక్షకుణ్ణి తప్పించుకొని పరుగెత్తాడు. అతనికి పాసు 5/6, గోలు 1/3. గుణిస్తే 5/36. అంటే 36 దాడులకు 5 గోల్స్. మంచిదే!

మూడవది: సెంటర్ ఫార్వర్డు వెనక్కి వచ్చాడు, స్టాపర్ కదల్లేదు. సెంటర్ ఫార్వర్డుకు పాసు 5/6. అతడు కాపలా ఉన్న రెండో ఫార్వర్డుకు ఇస్తే 1/2, గోలు 1/6. గుణిస్తే 5/72. అంటే 36 దాడులకు రెండున్నర. పాత పద్ధతి కంటే తక్కువ!

"చూశారా సార్! స్టాపర్ కదలకుండా నిలబడితే చాలు, ఎత్తు పారదు" అన్నాడు మా విద్యార్థి. నిజం చెప్పొద్దూ, నాకూ నోట మాట రాలేదు.

మూల నుంచి ఒక ప్రశ్న

అప్పుడు వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచింది. "కాపలా లేనివాడు పాసే ఎందుకివ్వాలి సార్? తనే కొట్టొచ్చుగా?"

అవును కదా! ఆ దారే మన నియమాల్లో లేదు. వెంబ్లీలో హంగరీ కొట్టిన ఆరు గోల్స్‌లో మూడు హిదెగ్‌కుటివే. అసలు మైదానంలో ఉన్నదాన్ని మనం నమూనాలో మరిచిపోయాము. కాబట్టి నాలుగో నియమం చేర్చాము: వెనక్కి వచ్చి స్వేచ్ఛగా బంతి అందుకున్నవాడు దూరం నుంచి తనే కొట్టవచ్చు. దూరం కాబట్టి 6 పడితేనే గోలు.

ఇప్పుడు పాసు 5/6, గోలు 1/6. గుణిస్తే 5/36. మళ్లీ 36 దాడులకు 5 గోల్స్! వెంట వచ్చినా 5, నిలబడినా 5. స్టాపర్ పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మనకు కావలసిన జవాబు రావడానికి నియమం చేర్చడం మోసం కాదా అని మీరు అడగవచ్చు. జవాబు కోసమే చేర్చి ఉంటే మోసమే. అది నిజంగా మైదానంలో జరిగే పని, వెంబ్లీ పోటీయే దానికి సాక్ష్యం. నమూనాను సరిదిద్దవలసింది మన కోరికను బట్టి కాదు, జరిగినదాన్ని బట్టి.

అసలు కిటుకు

ఇంకొక్కటి చేసి చూడండి. మన జట్టుకు పాసులు సరిగా రావనుకోండి. కాపలా లేనివాడికి ఇచ్చినా 4, 5, 6 పడితేనే బంతి చేరుతుందని మొదటి నియమాన్ని మార్చండి. స్టాపర్ వెంట వస్తే 1/2, 1/2, 1/3 గుణిస్తే 1/12. నిలబడితే 1/2, 1/6 గుణిస్తే 1/12. రెండు విధాలా 36 దాడులకు 3 గోల్సే. పాత పద్ధతిలో వచ్చినన్నే!

అంటే ఏమిటి? వరుస మార్చినంత మాత్రాన గోల్స్ రావు. పాసు గురి కుదిరిన జట్టుకే ఆ వరుస ఉపయోగపడుతుంది. రహీం హైదరాబాదులో కుర్రవాళ్లకు ఒక చిత్రమైన టోర్నమెంటు పెట్టేవారు. అందులో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు తీసుకుపోవడం నిషేధం. అందుకున్న బంతిని వెంటనే ఇంకొకరికి ఇవ్వాలి. ఎందుకో ఇప్పుడు మీకు అర్థమైంది కదూ? మా విద్యార్థి 4-2-4 అనే అంకెలను ఫోనులో పెట్టాడు. కానీ ఆ సాధనను పెట్టలేదు.

ఇంకో సంగతి. 1962లో తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డుగా ఆడించారు. రెండింటిలోనూ అతడు గోలు కొట్టాడు. ఫోను ఆటలో అతన్ని అక్కడ నిలిపితే "ఈ స్థానానికి తగడు" అని ఎర్రగుర్తు వచ్చిందట. ఆ మార్కులు వేసింది మనమే. మనం వేయని మార్కు ఆటకు తెలియదు.

అయితే మన చింతపిక్కలు రహీం గొప్పతనాన్ని నిరూపించాయా? లేదు. 5/6, 1/2 అన్నవి మనం ఊహించిన అంకెలు, మైదానంలో కొలిచినవి కావు. నమూనా చేసే మేలు వేరు. ఏది మారితే ఏది మారుతుందో, ఎక్కడ ప్రశ్న వేయాలో అది చూపిస్తుంది. నమూనా ఓడితే వెంటనే అసలు మనిషిని తప్పుపట్టకండి. ముందు మీ నియమాల్లో ఏది తప్పిపోయిందో వెతకండి.

రహీం 1963 జూన్ 11న, జకార్తా స్వర్ణం వచ్చిన ఏడాది లోపే కన్నుమూశారు. మా విద్యార్థి తన తీర్పును నోటుబుక్కులో కొట్టివేసి, కింద ఇలా రాసుకున్నాడు: "ఇంకా తేలలేదు." ఆ మూడు మాటలకు... కాదు, రెండే మాటలు! వాటికి నేను పూర్తి మార్కులు వేశాను.

మీరు చేయండి: ఎదుటి జట్టుకు ఇంకో పత్తిగింజ ఇచ్చి, అతణ్ణి హాఫ్ ముందు నిలపండి. ఏ నియమం మార్చాలి? లెక్కలో ఎన్ని గోల్స్ వస్తాయి? పాచికతో ఎన్ని వచ్చాయి? తేడా వస్తే ఎందుకో మీ సైన్సు మాష్టారితో చర్చించండి.