దారి చూపడం కూడా దయాకార్యమే



పూర్వం కొత్త ఊరికి వెళ్ళినవారు కూడలిలో ఆగి, టీకొట్టు దగ్గరున్నవారిని దారి అడిగేవారు. నేడు చాలామంది చేతిలోని సెల్‌ఫోనునే అడుగుతున్నారు. మరి ఆ ఫోనుకు దారి చెప్పేదెవరు? ఉపగ్రహం పైకప్పును చూడగలదు గాని, ఆ కప్పు కింద ఉన్నది ఆసుపత్రో, బడో, గుడో చెప్పలేదు. అక్కడ నివసించే మనిషే చెప్పాలి. ఇంటర్నెట్టు పటాలలో పేర్లు చేర్చడం, తప్పులు దిద్దడం, ఫోటోలు పెట్టడం నేడు సామాన్యులకూ సాధ్యమే. ఈ పనిని విశ్వాస దృష్టితో ఎలా చూడాలో ఆలోచిద్దాం.

హైతి నేర్పిన పాఠం

2010 జనవరి 12న హైతి దేశంలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో ప్రధాన దేవాలయం కూలిపోయింది. అగ్రపీఠాధిపతులు జోసెఫ్ సెర్జ్ మియో గారు కూడా మరణించారు. సహాయానికి వచ్చిన పరదేశీయులకు ఏ వీధి ఎటు పోతుందో తెలిపే మంచి పటం లేదు.

‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ అనే ఉచిత పటం 2004లో ఇంగ్లండులో ప్రారంభమైంది. దానిలో సేవచేసే వందలాదిమంది తమ తమ దేశాలలో, ఇళ్ళలోనే కూర్చొని, కొత్తగా తీసిన ఉపగ్రహ చిత్రాలు చూస్తూ వీధులను, కూలిన కట్టడాలను, నిరాశ్రయుల శిబిరాలను గీశారు. కొద్ది వారాలలోనే నగరానికి వివరమైన పటం సిద్ధమైంది. సహాయక బృందాలు దాన్ని తమ పరికరాలలో వేసుకొని తిరిగాయి.

గీసినవారెవరో బాధితులకు తెలియదు, బాధితులెవరో గీసినవారికి తెలియదు. యెరికో దారిలో గాయపడి పడివున్నవాని ఊరూ పేరూ సమరీయుడు అడగలేదు కదా! పొరుగువాడంటే పక్కింటివాడు మాత్రమే కాదని ప్రభువు నేర్పిన పాఠానికి ఇది మన కాలపు ఉదాహరణ.

పటం ఒక సాక్ష్యం

పటంలో గుర్తు పెట్టడమంటే ‘ఇది ఇక్కడ ఉంది’ అని సాక్ష్యం చెప్పడమే. కనుక అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించే ఎనిమిదవ ఆజ్ఞ ఇక్కడ కూడా వర్తిస్తుంది. మూతపడిన ఆసుపత్రి తెరిచి ఉన్నట్లు పటం చూపిస్తే, పురిటినొప్పులు పడుతున్న తల్లిని అర్ధరాత్రి ఆటోలో తెచ్చినవారి గతి ఏమిటి? కాబట్టి చూడనిది చేర్చరాదు, ఊహించి రాయరాదు. బంధువుల దుకాణమని లేని గొప్పలు రాయడం, గిట్టనివారి దుకాణమని నిందలు రాయడం కూడా అబద్ధ సాక్ష్యమే.

వాడల పేర్లు రాసేటప్పుడు మరింత శ్రద్ధ కావాలి. కులాన్ని కించపరిచే పేరు కాక, అక్కడివారు తమ వాడకు పెట్టుకున్న పేరునే రాయాలి. మనిషికున్న గౌరవం అతని వాడ పేరుకూ ఉండాలి.

ఎలా చేయాలి?

గూగుల్ మ్యాప్స్‌లో స్థలం పేరు నొక్కితే, సవరణ సూచించడానికి, ఫోటో చేర్చడానికి వీలుంటుంది. సూచనను పరిశీలించాకే ప్రచురిస్తారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, మనమే గీసి భద్రపరచవచ్చు. ఊరి పేరు తెలుగులో కూడా రాయవచ్చు. ఎవరు ఏది మార్చారో అందులో నమోదై ఉంటుంది. వేరే పటం చూసి దానిలోకి ఎత్తిరాయకూడదు.

మన విచారణ దేవాలయంతోపాటు ఉపవిచారణల గుడులు కూడా పటంలో ఉన్నాయో లేదో చూడండి. పూజావేళలు విచారణ గురువులను అడిగి సరిచేయండి. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల మాత తిరునాళ్ళకు లక్షలాది భక్తులు వస్తారు. అటువంటి పుణ్యక్షేత్రాలలో శాశ్వతంగా ఉన్న మంచినీటి కుళాయిలు, మరుగుదొడ్లు, మెట్లదారి గుర్తిస్తే వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు ఎంతో మేలు.

ఫోటోలలో ముఖద్వారం, మెట్లు, చక్రాల కుర్చీ వెళ్ళే వాలుదారి స్పష్టంగా కనిపించాలి. పిల్లల ముఖాలు, రోగులు, వ్యక్తుల సొంత ఫోను నంబర్లు ఉండకూడదు. పూజ జరుగుతుండగా ఫోటోలు తీయవద్దు.

2025 సెప్టెంబరు 7న పునీతుడుగా ప్రకటింపబడిన కార్లో అకుటిస్, దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలను ఇంటర్నెట్టులో పొందుపరచడానికి తన కంప్యూటరు నైపుణ్యాన్ని వినియోగించాడు. యువతీ యువకులు ఇది గమనించాలి. కొన్ని పటాలు పనికి పాయింట్లు ఇస్తాయి. అవి వస్తే రానివ్వండి, వాటికోసమే చేయవద్దు. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియనవసరం లేదు.

కుటుంబ చర్చకు

1. మన ఊరికి వచ్చే అపరిచితునికి అత్యవసరంగా కావలసిన మూడు స్థలాలు ఏవి? పటంలో అవి సరిగా ఉన్నాయా?

2. మన మాటల్లో, ఫోనులో మనం పంపే సమాచారంలో నిజం ఎంత?

3. మనం పేరు కూడా అడగకుండా సహాయం చేసినవారు ఎవరైనా ఉన్నారా?

ఈ వారం తీర్మానం: తాతయ్యకు ఊరు తెలుసు, మనవడికి ఫోను తెలుసు. ఆదివారం పూజ తరువాత ఇద్దరూ కలిసి ఒక్క తప్పు దిద్దండి. దాని మేలు ఎవరికి అందుతుందో ప్రభువుకు తెలుసు.