తడి పలక, ఆరిన పలక

మార్కాపురం,
కార్తీక మాసం.

చిన్నమ్మాయికి,

నువ్వు ఫోన్లో పంపిన కంభం చెరువు బొమ్మలు నాలుగూ చూశాను. గీతకి వంక పెట్టను. రెండు కొండల నడుమ కట్ట ఒదిగిన తీరు చక్కగా పట్టావు. రంగు దగ్గరే నాకు పేచీ. కొండకి వేసిన పచ్చే చెట్టుకి, చెట్టుకి వేసిన పచ్చే ఒడ్డున గడ్డికి. నీళ్ళకేమో ట్యూబులోంచి పిండిన నీలం పిండినట్టే. గుండ్లకమ్మకి అడ్డంగా విజయనగరం రోజుల్లో కట్టిన చెరువమ్మా అది. ఇన్ని వందల ఏళ్ళలో ఆ నీళ్ళు ఒక్క పూటైనా అంత నీలంగా ఉండి ఉండవు.

నిన్ను తప్పు పట్టడానికి నాకేం అర్హత ఉందిలే. పన్నెండు బిళ్ళల రంగుల డబ్బా మొదటిసారి చేతికొచ్చినప్పుడు, పన్నెండూ వాడకపోతే డబ్బు దండగనుకున్నాను. ఆ పన్నెండుతోనూ మన చెన్నకేశవస్వామి గుడి గోపురం వేసి మీ అమ్మమ్మకి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "తిరునాళ్ళలో మిఠాయి కొట్టా నాయనా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి గానీ ఆవిడకి ఏం కనబడిందో నాకు కనబడలేదు.

మన ఊళ్ళో రంగు నేర్చుకోవాలంటే పలక దగ్గర మొదలుపెట్టాలి. నవ్వకు. ఫ్యాక్టరీల పక్కన గుట్టలుగా పారబోసిన పలక ముక్కలు చూశావుగా, వాటిలోంచి నాలుగు ఏరుకురా. నల్లగా అనిపించేవాటినే తీసుకో. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టు. ఒకటి నీలం వైపు మొగ్గుతుంది, ఒకటి పాచి పచ్చగా, ఒకటి తుప్పు చారలతో, మరొకటి వంకాయ ఛాయలో ఉంటుంది. నలుపు అన్న ఒక్క మాట కింద ఇన్ని దాక్కున్నాయి. ఆ నాలుగు ముక్కల్నీ వాటి వాటి ఛాయల్లో వేయగలిగిన రోజున కంభం కొండల సంగతి మాట్లాడుకుందాం.

దానికి నల్లరంగు ముట్టుకోవద్దు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా గోధుమరంగు, ఈ రెండే చాలు. నీలం ఎక్కువైతే వానాకాలపు పలక, గోధుమ ఎక్కువైతే ఎండలో కాగిన పలక. చిక్కగా కలిపితే ఆ డబ్బాలో నలుపు కంటే నిండైన చీకటి వస్తుంది, పైగా అందులో ప్రాణం ఉంటుంది. అల్ట్రామెరీన్‌లో ఇంకో సుగుణం: దాని రేణువులు కాగితం గుంటల్లో పేరుకుని ఆరాక సన్నటి ఇసుకలా కనిపిస్తాయి. రాయి వేయడానికి అంతకన్నా ఏం కావాలి! రెండిటినీ పళ్ళెంలో మరీ నూరేసి కలపకు. సగం కలిపి కాగితం మీద వదిలితే మిగతాది నీళ్ళే కలుపుతాయి.

నీ చిన్నప్పుడు పలక తుడిచి ఆరేదాకా ఊపేదానివి, గుర్తుందా? తడిగా ఉన్నప్పుడు నిగనిగా నల్లగా ఉండి, ఆరగానే బూడిదరంగుకి తిరిగేది. నీటిరంగు కథ అచ్చంగా అదే. తడి మీద సరిగ్గా ఉందనిపించిన రంగు ఆరాక వెలిసిపోతుంది. నీ బొమ్మల్లో కొండలు పాలిపోయింది అందుకే. తడిలో "కాస్త ఎక్కువైందే" అని భయం వేసేంత వెయ్యి, ఆరాక సరిపోతుంది. ఎంత ఎక్కువ అన్నది నేను చెప్పలేను, కాగితాన్ని బట్టి మారుతుంది. అదే కాగితం ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, గీసి, ఆరనిచ్చి చూసుకోవడమే.

మూడో బొమ్మలో ఆకాశం మీద పువ్వు విచ్చినట్టు మరక పడింది కదూ? మెరుపు పోతూ పోతూ ఉన్న తడి మీద మళ్ళీ నీళ్ళ కుంచె పెట్టావు. నిండు తడిలో పెట్టు, లేదా పూర్తిగా ఆరాక పెట్టు. మధ్యలో చేతులు కట్టుకుని కూర్చోవాలి. అయితే మన ఎండల్లో ఆ మధ్య అనేది రెప్పపాటే. వేసవిలో నేను తెల్లారి ఏడు లోపే పని ముగిస్తాను, కాగితం కింద తడిగుడ్డ పరుచుకుంటాను. ఇంకో మాట, మీ బోరునీళ్ళతో వేయకు. గ్లాసు అడుగున తెల్లపొర కట్టే నీళ్ళు కాగితం మీద ఊరుకుంటాయా? క్యాను నీళ్ళు వాడు. రెండు గ్లాసులు పెట్టుకో, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి.

ఇక నీ పచ్చ. మన భాషే దారి చూపిస్తోంది: పసుపుపచ్చ, ఆకుపచ్చ, రెండూ పచ్చలే. పసుపులోంచి మొదలుపెట్టి నీలాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పో, చిలకపచ్చ నుంచి ముదురాకుపచ్చ దాకా దారి పొడుగునా దొరుకుతాయి. మరీ కేకలు వేస్తుంటే రవ్వంత బర్న్ట్ సియెన్నా తగిలించు, అణుగుతుంది. ఒక కలయికలో మూడు రంగులు దాటావంటే మాత్రం బురదే. అయినా గిద్దలూరు నుంచి రైల్లో వచ్చేటప్పుడు కిటికీలోంచి చూడు, దూరపు నల్లమలలో పచ్చ ఎక్కడుంది? దగ్గరి గుట్ట పచ్చ, దాని వెనకది బూడిద, ఆ వెనకది నీలి పొగ. పేరులోనే నలుపు పెట్టిన కొండకి నువ్వు చిలక రంగు పూశావు.

సెలవుల్లో వీలైతే రాజమండ్రి వెళ్ళు. దామెర్ల రామారావు చిత్రశాల ఉంది అక్కడ. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలో ఏముందో గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళేలా చేశాడు. తిరిగొచ్చి గోదావరి ఒడ్డునే బొమ్మల బడి పెట్టాడు. పుస్తకాల్లో అచ్చేసినవి చూసి తెలుసుకున్నాననుకోకు. అచ్చులో మొదట చచ్చేది ఆ బూడిద ఛాయలే. అసలు బొమ్మ ముందు నిలబడి, ఏది మెరుస్తోందో కాదు, దాని చుట్టూ ఏది అణిగి ఉందో వెతుకు. కొత్తలో నాకది తెలియక ఒంటి రంగులూ చీరలూ చూసి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది.

ఈ రెండు నెలలూ ఆ నీలం, ఆ గోధుమ, వాటితోనే వెయ్యి. విసుగు పుడుతుంది, పుట్టనీ. నీ డబ్బాలోని ఎరుపు ట్యూబు మీ అమ్మకిచ్చి బీరువాలో పెట్టించు. ఫాల్గుణంలో దోర్నాల దారిలో ఆకులు రాలి అడవంతా పలక రంగుకి తిరిగాక, మోదుగలు పూస్తాయి. నాకు కబురు చెయ్యి, ఇద్దరం పోదాం. ట్యూబు అప్పుడు తెద్దువుగాని. బియ్యపుగింజంత చాలు.

మీ మామయ్య