జవాబిచ్చే యంత్రానికి అర్థం తెలుస్తుందా?

1950లో బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ఒక పరీక్షను ప్రతిపాదించారు. రాతపూర్వక సంభాషణలో అవతల ఉన్నది మనిషో యంత్రమో పోల్చుకోలేకపోతే, ఆ యంత్రం ఆలోచిస్తున్నట్టే భావించవచ్చన్నది దాని సారాంశం.

1980లో అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ దీన్ని ప్రశ్నించారు. చైనీస్ రాని వ్యక్తిని గదిలో ఉంచి, ఏ గుర్తుకు ఏ గుర్తు బదులివ్వాలో చెప్పే నియమాల పుస్తకం ఇచ్చారనుకుందాం. బయటివారికి సరైన జవాబులే అందుతాయి. లోపలి వ్యక్తికి మాత్రం ఒక్క మాటా అర్థం కాదు. కంప్యూటర్ చేసేదీ ఇంతేనని సెర్ల్ వాదన. వ్యక్తికి తెలియకపోయినా, పుస్తకంతో కూడిన మొత్తం వ్యవస్థకు భాష అర్థమైనట్టేనని విమర్శకులు బదులిచ్చారు.

ఈ వాదం నేటికీ తేలలేదు. తెలివిని ఫలితాలతో కొంతవరకు కొలవవచ్చు. అనుభూతిని నేరుగా కొలిచే సాధనం లేదు. అందుకే ‘బాధగా ఉంది’ అని యంత్రం చెప్పినా, ఆ మాట ఒక్కటే చైతన్యానికి రుజువు కాదు.