మూలన వెలుగు ఎవరిది?

పిల్లలూ! ఆర్.కె. పురం క్వార్టర్స్ డాబా మీంచి ఓరియన్ నీహారికను చాలాసార్లు ఫొటో తీసి, కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చారనుకుందాం. ఒక మూల ఎర్రటి వెలుగు! ఢిల్లీ దీపాలదా, కెమెరాదా? లెన్స్‌కు మూత పెట్టి, అంతే సేపు మరో ఫొటో తీయండి. వెలుగు అక్కడే ఉంటే అది కెమెరాదే. సెన్సర్ పక్కనున్న సర్క్యూట్ల వల్ల వచ్చింది.

పేర్చితే చెదురుమదురు మచ్చలు తగ్గుతాయి. ప్రతి ఫొటోలో ఒకేచోట ఉన్న వెలుగు తగ్గదు. కాబట్టి మూత పెట్టి 20 ఫొటోలు తీయండి. వీటినే డార్క్ ఫ్రేములంటారు. వాటి సగటును ఒక్కో ఆకాశపు ఫొటోలోంచి తీసివేశాకే పేర్చాలి.

ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ, కెమెరా వేడి రెండింటికీ ఒకటే ఉండాలి. అందుకే అదే రాత్రి, అక్కడే తీయండి. బదిలీ మీద చెన్నై వెళ్లాక తీసిన డార్క్ ఫ్రేము ఢిల్లీ చలిలో తీసిన ఫొటోకు సరిపోదు. సామాను సర్దాక గుర్తొస్తే లాభం లేదు!