నేల, నీరు, గని: రాయచూరు జిల్లా చెప్పే పాఠం

"సహజ వనరులు, పరిశ్రమలు, సుస్థిర అభివృద్ధి" అనే అంశంపై డిగ్రీ పరీక్షల్లోను, పోటీ పరీక్షల్లోను తరచుగా వ్యాసం అడుగుతారు. చాలామంది విద్యార్థులు ఎక్కడో ఉన్న అమెజాన్ అడవులతో మొదలుపెడతారు. మన జిల్లానే ఉదాహరణగా తీసుకుంటే జవాబుకు బలం వస్తుంది, మన బతుకు కూడా మనకు అర్థమవుతుంది. అందుకే ఈ పాఠం.

1. జిల్లాలోని వనరులు

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న ఈ ప్రాంతాన్ని చరిత్ర పుస్తకాలు రాయచూరు అంతర్వేది అంటాయి. ఇక్కడి సంపద మూడు రకాలు.

గని: హట్టిలో బంగారం తవ్వకం ఎంతో పురాతనమైనది. మస్కిలోని అశోకుని శాసనాన్ని 1915లో కనుగొన్నది బీడన్ అనే గని ఇంజనీరే. కోలారు గనులు 2001లో మూతపడ్డాక దేశంలో బంగారం తవ్వకానికి హట్టియే ప్రధాన కేంద్రమయింది. టన్ను రాయిని పిండి చేస్తే దక్కేది కొద్ది గ్రాముల బంగారమే. మిగిలిన పిండి అంతా గని పక్కనే కుప్పగా మిగులుతుంది.

విద్యుత్తు: కృష్ణా తీరాన శక్తినగర్‌లోని థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో పనిచేయడం మొదలుపెట్టింది. ఎనిమిది యూనిట్ల మొత్తం సామర్థ్యం 1720 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో నూటికి ముప్ఫై నలభై పాళ్లు బూడిదే. వెలుగు రాష్ట్రమంతటికీ పోతుంది, బూడిద మాత్రం ఇక్కడే ఉంటుంది. దానిని సిమెంటుకు, ఇటుకలకు వాడడం ఒక పరిష్కారం.

నీరు: మూడింటిలో మన కుటుంబాలకు అతి దగ్గరిది ఇదే. కనుక దీనిని కాస్త వివరంగా చూద్దాం.

2. తుంగభద్ర ఎడమ కాలువ

హైదరాబాదు, మద్రాసు రాష్ట్రాలు కలిసి కట్టిన తుంగభద్ర జలాశయం నుంచి 1953లో నీరు వదిలారు. రాయచూరు అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956లో మైసూరు రాష్ట్రంలో (ఇప్పటి కర్ణాటకలో) కలిసింది. ఎడమ ప్రధాన కాలువ పొడవు 227 కిలోమీటర్లు. కరువు నేలలో వీలైనన్ని ఎక్కువ ఎకరాలకు కొద్దికొద్దిగా తడి అందించాలన్నదే తొలి ఆలోచన. అందుకే ఆయకట్టులో ఎక్కువ భాగాన్ని జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు కేటాయించారు.

ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన మన పెద్దలు సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతాల్లో క్యాంపులు వేసుకుని, ముళ్లపొదలు కొట్టి, మిట్టపల్లాలు చదును చేసి వరి పండించారు. రైసు మిల్లులు వచ్చాయి, కూలీలకు పని దొరికింది. స్థానిక రైతులు కూడా వరికి మారారు. ఇది కాదనలేని ప్రగతి.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎగువన మడి నిండా నీరు నిలిపితే చివరి భూములకు నీరు చేరదు. మాన్వి, రాయచూరు తాలూకాల్లోని చివరి రైతులు నీటికోసం రోడ్డెక్కడం మనం ఎన్నోసార్లు చూశాం. నీరు నిలిచిన చోట నేల కూడా నష్టపోతుంది. నల్లరేగడిలో నీరు సులభంగా ఇంకదు. భూగర్భ జలమట్టం పైకి వచ్చి, దానితో ఉప్పు కూడా పైకి వస్తుంది. ఎండకు నీరు ఆవిరై పోయి, నేలమీద తెల్లని చౌడు మిగులుతుంది.

జలాశయం కూడా తరిగిపోతోంది. మొదట సుమారు 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక వల్ల ఇప్పుడు సుమారు 105 టీఎంసీలే పడుతోంది. ఒక టీఎంసీ అంటే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలిచే నీరు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఆధారం ఎంత సున్నితమైనదో అందరికీ తెలిసివచ్చింది.

3. నేలను స్థానికులు చూసే తీరు

కాలువకు ముందు ఇక్కడి రైతు వాననే నమ్ముకున్నాడు. జొన్నలో కంది కలిపి వేసేవాడు. ఒకటి పోయినా మరొకటి నిలిచేది. మనం ఏరువాక పున్నమి చేసుకునే రోజునే కన్నడ రైతులు కార హుణ్ణిమె చేస్తారు. తరువాత వచ్చే అమావాస్యకు మట్టి ఎద్దులను పూజిస్తారు. ఎళ్ల అమావాస్యనాడు కుటుంబమంతా పొలానికి వెళ్లి, పైరుకు పూజచేసి, వండిన అన్నంలో కొంత చేలో చల్లుతారు. దానిని చరగ అంటారు. నేల నుంచి తీసుకున్నదానిలో నేలకు కొంత తిరిగి ఇవ్వాలన్నదే ఇందులోని భావం.

గిరిజనుల దృష్టి కూడా ఇటువంటిదే. వారికి భూమి అమ్ముకునే సరుకు కాదు, బతుకుతెరువు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. మన జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోయినా, "ఈ నేల మీద మొదటి మాట ఎవరిది?" అనే ప్రశ్న ఇక్కడ కూడా ఉన్నదే.

4. చేయవలసినది

నేరుగా విత్తే వరి, కొంత భాగంలో ఆరుతడి పంటలు, చౌడు నేలల్లో మురుగు కాలువలు మనకు అందుబాటులో ఉన్న మార్గాలు. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, గంగావతి పరిశోధన కేంద్రం ఈ విషయాలపై పనిచేస్తున్నాయి. మన పిల్లల్లో అందరూ ఇంజనీరింగుకే పోనక్కరలేదు. నేల శాస్త్రం, నీటి యాజమాన్యం చదివేవారు క్యాంపుకు ఒక్కరున్నా మేలు. మన ఇంటికి అన్నం పెట్టిన కాలువ చివరి ఊరికి కూడా అన్నం పెట్టాలి. సుస్థిర అభివృద్ధి అంటే ఇంతకన్నా వేరే నిర్వచనం అక్కరలేదు.

అభ్యాస ప్రశ్నలు

1. ఆరుతడి పంటలకు కేటాయించిన ఆయకట్టులో వరి పెరగడానికి కారణాలు, ఫలితాలు రాయండి.
2. నల్లరేగడిలో చౌడు ఏర్పడే విధానాన్ని పటం గీసి వివరించండి.
3. పూడిక వల్ల తగ్గిన 28 టీఎంసీలు ఎన్ని ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తాయో లెక్కకట్టండి.
4. కాలువ చివరి గ్రామపు రైతు ఒకరితో మాట్లాడి, ఆయన చెప్పినది ఒక పేజీలో రాయండి.